మోడల్ మారింది, జనరేటర్‌కి ఎవరూ చెప్పలేదు

సాఫ్ట్‌వేర్‌ని బొమ్మలుగా గీసే యూఎంఎల్ లాంటివాటిని మోడలింగ్ లాంగ్వేజ్‌లంటారు, ఆ బొమ్మని (మోడల్‌ని) చదివి కోడ్ రాసిపెట్టే ప్రోగ్రామ్ కోడ్ జనరేటర్. లాంగ్వేజ్ మారినప్పుడు జనరేటర్‌కి ఏమవుతుందనేదే ఇక్కడి సంగతి. యూఎంఎల్‌లో పనుల వరస చూపించే యాక్టివిటీ డయాగ్రమ్‌లో ఒక డబ్బా ఉంది, దాంట్లోకి రెండు బాణాలు వస్తున్నాయి అనుకోండి. ఆ డబ్బా ఎప్పుడు రన్ అవ్వాలి? ఏదో ఒక బాణం మీంచి కంట్రోల్ వస్తే చాలా, లేక రెండూ వచ్చేదాకా ఆగాలా? యూఎంఎల్ 1.4 కాలంలో అయితే ఏది వచ్చినా చాలు, ఎందుకంటే అప్పట్లో యాక్టివిటీ డయాగ్రమ్ అంటే లోపల స్టేట్ మెషీనే (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతూ నడిచే మోడల్), యాక్టివిటీగ్రాఫ్ అనే మెటాక్లాస్ (లాంగ్వేజ్ తన ముక్కల్ని నిర్వచించుకునే క్లాస్) స్టేట్‌మెషీన్‌కి పిల్ల క్లాస్, ఒక స్టేట్‌లోకి వెళ్ళడానికి ఒక్క ట్రాన్సిషన్ సరిపోతుంది కదా. 2005లో ఫైనల్ అయిన 2.0లో యాక్టివిటీల్ని స్టేట్ మెషీన్ నుంచి పూర్తిగా విడగొట్టేసి, పెట్రీ నెట్లనే గణిత మోడళ్ళ తరహాలో టోకెన్లు (కంట్రోల్ ఎక్కడుందో చూపే గుర్తులు) తిరిగే పద్ధతికి మార్చారు. అప్పట్నుంచి అదే డబ్బా రెండు బాణాల మీంచీ టోకెన్లు వస్తేగానీ కదలదు. ఏదో ఒకటి చాలు అనుకుంటే ముందు మెర్జ్ నోడ్ అని ఒక డైమండ్ గీయాలి.

గీసిన బొమ్మ అదే, అర్థం మాత్రం "లేదా" నుంచి "మరియు"కి మారిపోయింది.

ఇప్పుడు ఆ డబ్బా పేరు "పేమెంట్ రిలీజ్" అనుకోండి, ఒక బాణం మేనేజర్ అప్రూవల్ నుంచి, ఇంకోటి ఫైనాన్స్ అప్రూవల్ నుంచి వస్తోంది. బొమ్మ గీసినాయన కొత్త రూల్ చదువుకున్నాడు కాబట్టి ఇద్దరూ ఓకే అంటేనే డబ్బులు వెళ్తాయి అనుకుంటున్నాడు. వెనకాల ఉన్న కోడ్ జనరేటర్ మాత్రం పాత రూల్ తెలిసినోళ్ళు రాసింది, ఇంపోర్ట్ చేసే ముక్క మార్చి కొత్త ఫైళ్ళు చదివేలా చేశారు గానీ అసలు లాజిక్ ముట్టుకోలేదు. కోడ్ పుడుతుంది, కంపైల్ అవుతుంది, ఎక్కడా ఒక్క వార్నింగ్ రాదు, ఎవరు ముందు బటన్ నొక్కితే వాళ్ళతోనే పేమెంట్ వెళ్ళిపోతుంది, రెండో ఆయన కూడా నొక్కితే ఇంకోసారి వెళ్తుందేమో కూడా. ఉల్టా కేసు కూడా ఉంది. పాత బొమ్మలో "ఫెయిల్ అయితే మళ్ళీ ట్రై చెయ్" అని వెనక్కి ఒక బాణం ఉంటే, కొత్త రూల్ ప్రకారం ఆ డబ్బా మొదటిసారి కూడా రన్ అవ్వదు, ఎందుకంటే వెనక్కొచ్చే బాణం మీద టోకెన్ రావాలంటే ముందు ఆ డబ్బా రన్ అవ్వాలి, అది రన్ అవ్వాలంటే టోకెన్ రావాలి, ఇక అక్కడే కూర్చుంటుంది.

కోడ్ జనరేటర్లు, మోడలింగ్ లాంగ్వేజ్ మార్పులు అనే టాపిక్ మీద ఎవరైనా మాట్లాడితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ రెండు బాణాలే. ఎందుకంటే జనం ఎక్కువగా భయపడేది జనరేటర్ పగిలిపోతుందని. పగిలితే మంచిదే అంటాను నేను. పగిలితే తెలుస్తుంది, ఎవడో ఒకడు కూర్చుని బాగు చేస్తాడు. పగలకుండా నవ్వుతూ తప్పు కోడ్ ఇచ్చేదానితోనే అసలు గొడవ.

రీసెర్చ్ పేపర్లలో మెటామోడల్ (మోడల్‌లో ఏమేం ఉండొచ్చో చెప్పే లాంగ్వేజ్ నిర్వచనం) మార్పుల్ని మూడు రకాలుగా పెడతారు: ఏం పగలగొట్టనివి, పగలగొట్టినా ఆటోమేటిక్‌గా సరిచేయగలిగేవి, మనిషి కూర్చుంటేగానీ తేలనివి. 2007 ప్రాంతం నుంచి ఇదే లెక్క నడుస్తోంది, తప్పేం కాదు, కాకపోతే అది మోడల్ ఫైళ్ళ కోసం వేసిన లెక్క, అంటే పాత ఫైల్ కొత్త మెటామోడల్‌లో తెరుచుకుంటుందా లేదా అని. జనరేటర్ వైపు నుంచి చూస్తే ఆ మొదటి రకమే డేంజర్. ఒక కొత్త ఆప్షనల్ అట్రిబ్యూట్ కలిపారు, పాత మోడళ్ళు అన్నీ హాయిగా తెరుచుకున్నాయి, ఏం పగల్లేదు అని టిక్ పెట్టారు, కానీ ఆ అట్రిబ్యూట్ కొత్తగా వాడిన మోడల్ వచ్చినప్పుడు జనరేటర్ దాన్ని చూడనే చూడదు. ముహూర్తం మార్చి చుట్టాలందరికీ ఫోన్లు చేసి వంటవాళ్ళకి చెప్పడం మర్చిపోయినట్టు అన్నమాట. టూల్స్ కూడా అలాగే ఉన్నాయి. ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ టూల్ ప్రపంచంలో ఎడాప్ట్ అని ఒకటుంది, మెటామోడల్‌లో చేసిన ప్రతి మార్పునీ రికార్డ్ చేసుకుని పాత మోడళ్ళని కొత్త దాంట్లోకి తెస్తుంది, ఎప్సిలాన్ అనే టూల్ సెట్‌లో ఫ్లాక్ అని ఇంకోటి అదే పనికి. రెండూ మంచివే. రెండూ మోడల్‌ని మోస్తాయి, కోడ్ పుట్టించే అచ్చుల్ని, అంటే టెంప్లేట్లని, ఎవరూ మొయ్యరు.

యూఎంఎల్ 2.0 దగ్గరే ఇంకో మార్పు చెప్పాలి, ఇది కాస్త బుద్ధిగా పగిలే రకం. 1.4లో క్లాస్‌కి ఉండే అట్రిబ్యూట్ ఒక మెటాక్లాస్, రెండు క్లాసుల్ని కలిపే అసోసియేషన్ గీతకి చివర ఉండే అసోసియేషన్‌ఎండ్ ఇంకో మెటాక్లాస్. 2.0లో రెండింటినీ కలిపి ప్రాపర్టీ అన్నారు. ఆలోచిస్తే కరెక్టే, కస్టమర్ దగ్గర ఆర్డర్ల లిస్ట్ ఉందనేది అట్రిబ్యూట్‌గా రాసినా గీత గీసినా జావాలో చివరికి ఒక ఫీల్డే కదా. కానీ పాత జనరేటర్లలో మామూలుగా రెండు లూప్‌లు ఉండేవి, ఒకటి అట్రిబ్యూట్ల మీద, రెండోది అసోసియేషన్ల మీద. కొత్త మెటామోడల్‌కి పేర్లు మార్చి పోర్ట్ చేస్తే, క్లాస్ సొంతం చేసుకున్న అసోసియేషన్ చివరలు కూడా అట్రిబ్యూట్ల లిస్ట్‌లోనే వచ్చేస్తాయి, మళ్ళీ రెండో లూప్‌లోనూ వస్తాయి, ఒకే ఫీల్డ్ రెండుసార్లు. ఈ ప్రాపర్టీకి అసోసియేషన్ ఉందా లేదా అని ఒక చెక్ పెట్టాలి. జావా కంపైలర్ డూప్లికేట్ ఫీల్డ్ అని అరుస్తుంది కాబట్టి బతికిపోతాం. అదే పైథాన్ డేటాక్లాస్ పుట్టించే జనరేటర్ అయితే, ఒకే పేరు రెండుసార్లు రాస్తే పైథాన్ ఏమీ అనదు, రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది.

ఈ మార్పుని పద్ధతిగా దాటినవాళ్ళు ఎవరంటే నేను ఆండ్రోఎండీఏ పేరు చెప్తాను. ఇప్పటి కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు, 2000ల్లో ఎండీఏ (మోడల్ గీసి దాన్నుంచే సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతి) అని ఊగిపోయిన రోజుల్లో యూఎంఎల్ నుంచి జావా ఎంటర్‌ప్రైజ్ కోడ్ పుట్టించడానికి వాడేవాళ్ళు, యూఎంఎల్2ఈజేబీ అనే ప్రాజెక్ట్‌గా మొదలైంది. టెంప్లేట్లు వెలాసిటీ అనే టెంప్లేట్ ఇంజన్‌లో ఉండేవి. దాంట్లో నాకు నచ్చిన విషయం మెటాఫసాడ్ అనే పొర. టెంప్లేట్ ఎప్పుడూ యూఎంఎల్ మెటామోడల్‌ని నేరుగా తాకదు, మధ్యలో ఉన్న ఫసాడ్‌ని అడుగుతుంది, నీ అట్రిబ్యూట్లు ఇవ్వు, నీ అసోసియేషన్ చివరలు ఇవ్వు, నీ గెటర్ పేరేంటి అని. ఆ ఫసాడ్‌కి ఇంటర్‌ఫేస్ ఒకటే, కింద ఇంప్లిమెంటేషన్లు రెండు. ఒకటి మోడళ్ళు దాచిపెట్టే నెట్‌బీన్స్ ఎండీఆర్ రిపాజిటరీ మీద యూఎంఎల్ 1.4 చదివేది, రెండోది ఎక్లిప్స్ మోడలింగ్ లైబ్రరీ ఈఎంఎఫ్ మీద యూఎంఎల్2 చదివేది. కాబట్టి లాంగ్వేజ్ మారినప్పుడు కార్ట్రిడ్జ్‌లలో (ప్యాకేజీల్లో) ఉన్న టెంప్లేట్లని వదిలేసి ఒక్క పొర కొత్తగా రాసుకుంటే చాలావరకు పని అయిపోయింది. ఇంకో సరదా ఏంటంటే ఆ ఫసాడ్ క్లాసుల్ని కూడా యూఎంఎల్‌లో గీసి ఆండ్రోఎండీఏతోనే పుట్టించుకున్నారు, తన చొక్కా తానే కుట్టుకునే టైలర్లు.

ఫసాడ్ వల్ల ఖర్చు కూడా ఉంది, అది దాచను. ఇంటర్‌ఫేస్ 1.4 ఆలోచనతో మొదలైతే కొత్త లాంగ్వేజ్‌లో వచ్చిన కొత్త సంగతులు ఆ ఇంటర్‌ఫేస్‌లో చోటు లేక బయటే నిలబడతాయి, అంటే మనకి కొత్త మోడల్ ఫైల్ చదవడం వస్తుంది గానీ కొత్త మోడల్‌లో మాట్లాడటం రాదు. మొదట్లో చెప్పిన రెండు బాణాల సంగతి అయితే ఫసాడ్ కూడా కాపాడదు, "ఇన్‌కమింగ్ బాణాలు ఇవ్వు" అంటే రెండు వెర్షన్లలోనూ రెండు బాణాలే ఇస్తుంది, ఆ రెండింటినీ ఎలా అర్థం చేసుకోవాలో టెంప్లేట్‌లో రాసుంటే తప్పు అక్కడే ఉండిపోతుంది. ఫసాడ్ "ఈ డబ్బా అన్ని బాణాల కోసం ఆగుతుందా" అనే ప్రశ్నకి జవాబు చెప్పేలా ఉండాలి. అంటే బొమ్మలో ఏముందో కాకుండా ఏం జరగాలో చెప్పే పొర కావాలి. ఈ పాయింట్‌కి మళ్ళీ వస్తాను, ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పంపుకునే ఫార్మాట్ అయిన ప్రోటోబఫ్ వాళ్ళు సరిగ్గా ఇదే నేర్చుకున్నారు.

సైలెంట్‌గా తప్పిపోవడానికి మన టూల్స్ ఎంత సాయం చేస్తాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వెలాసిటీలో లేని ప్రాపర్టీ రాస్తే ఆ డాలర్ గుర్తుతో సహా మన రిఫరెన్స్ యథాతథంగా అవుట్‌పుట్‌లో పడుతుంది, ఇది చూడ్డానికి అసహ్యంగా ఉన్నా మంచి అలవాటు, కంపైలర్‌కి దొరుకుతుంది. కానీ డాలర్ పక్కన ఆశ్చర్యార్థకం పెడితే ఖాళీగా వదిలేస్తుంది, జనం అవుట్‌పుట్ నీట్‌గా ఉంటుందని అన్నిచోట్లా అదే పెట్టేస్తారు. ముస్టాష్ అనే ఇంకో ఇంజన్ అయితే స్పెసిఫికేషన్ ప్రకారమే దొరకని పేరుకి ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. పైథాన్ వాళ్ళ జింజా2 కూడా డీఫాల్ట్‌గా లేని వేరియబుల్‌ని ఖాళీగా ప్రింట్ చేస్తుంది, స్ట్రిక్ట్‌అన్‌డిఫైన్డ్ పెడితేనే అరుస్తుంది. వెబ్‌పేజీకి ఇది దయగల ప్రవర్తనే, యూజర్ పేరు లేకపోతే పేజీ మొత్తం పడిపోకూడదు కదా. అదే ఇంజన్‌ని తెచ్చి కోడ్ పుట్టించడానికి వాడితే, మెటామోడల్‌లో ఒక ప్రాపర్టీ పేరు మారిన రోజున మన వాలిడేషన్ లైన్ అవుట్‌పుట్ నుంచి మాయం అవుతుంది, మిగతాది మొత్తం చక్కగా కంపైల్ అవుతుంది. మీరు జింజా2తో ఏదైనా జనరేట్ చేస్తుంటే ఆ స్ట్రిక్ట్ ఆప్షన్ ఇవాళే ఆన్ చేసి చూడండి, ఏం బయటపడుతుందో.

టైప్ చెక్ ఉన్న టెంప్లేట్లు ఇక్కడ నయం. అక్సీలియో, ఎక్స్‌టెండ్ లాంటివి మెటామోడల్ టైపులు తెలిసినవి కాబట్టి పేరు మారితే టెంప్లేట్ దగ్గరే ఎర్ర గీత వస్తుంది. కానీ అవి కూడా అన్నీ పట్టవు, అందులో నాకు బాగా చిరాకు తెప్పించేది కొత్త సబ్‌క్లాస్ కేసు. ఈఎంఎఫ్ మన మెటామోడల్ నుంచి ఒక స్విచ్ క్లాస్ పుట్టిస్తుంది, ప్రతి ఈక్లాస్‌కీ (మెటామోడల్‌లోని క్లాస్‌కి) ఒక కేస్ మెథడ్. మనం కొన్ని ఓవర్‌రైడ్ చేసుకుంటాం. ఓవర్‌రైడ్ చేయని మెథడ్ నల్ (ఏమీ లేదు అనే విలువ) ఇస్తుంది, నల్ వస్తే ఆ స్విచ్ పై క్లాస్ కేస్‌కి వెళ్తుంది, అక్కడా నల్ అయితే ఇంకా పైకి, చివరికి డీఫాల్ట్‌కి. ఇప్పుడు లాంగ్వేజ్ టీమ్ "టైమర్ ట్రిగ్గర్" అనే కొత్త రకాన్ని "ట్రిగ్గర్"కి సబ్‌క్లాస్‌గా కలిపారు అనుకోండి. జనరేటర్‌లో టైమర్ గురించి ఒక్క ముక్క లేదు, ఎర్రర్ రాదు, పైనున్న ట్రిగ్గర్ కోడ్ పుడుతుంది, టైమ్ గురించి పట్టించుకోని టైమర్ ఒకటి ప్రొడక్షన్‌లోకి వెళ్తుంది. ఎక్స్‌టెండ్‌లో డిస్పాచ్ మెథడ్స్ వాడినా అచ్చం ఇదే కథ. ఇన్‌హెరిటెన్స్ అంటే అంతే కదా అని మీరంటారు, నిజమే, మామూలు ప్రోగ్రామ్‌లో ఇది సుగుణమే, ట్రాన్స్‌లేషన్ చేసే ప్రోగ్రామ్‌లో మాత్రం కాదు.

దీనికి నేను చేసేది చాలా చిన్న పని, ఎవరికైనా పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఒక టెస్ట్ రాస్తాను. అది మెటామోడల్ ప్యాకేజ్‌ని తెరిచి అందులో ఉన్న ప్రతి క్లాస్‌నీ, ప్రతి అట్రిబ్యూట్‌నీ, ప్రతి ఎనమ్ (ఎంచుకోదగ్గ విలువల జాబితా) విలువనీ వరసగా తిరుగుతుంది. పక్కన జనరేటర్ వాళ్ళు రాసిపెట్టుకున్న ఒక పట్టిక ఉంటుంది, ఒక్కో దానికీ మూడింటిలో ఒక మాట: దీనికి కోడ్ పుట్టిస్తాం, దీన్ని తెలిసే వదిలేస్తున్నాం, ఇది కనబడితే ఆపేస్తాం. పట్టికలో లేనిది మెటామోడల్‌లో దొరికితే టెస్ట్ ఫెయిల్. అంతే. "తెలిసే వదిలేస్తున్నాం" అనే కాలమ్‌కి నేను కారణం కూడా రాయిస్తాను, ఎందుకంటే డాక్యుమెంటేషన్ కామెంట్‌ని వదిలేయడం వేరు, గరిష్ట రీట్రై సంఖ్యని వదిలేయడం వేరు. లాంగ్వేజ్ వైపు ఎవరో ఒక ఎనమ్ విలువ కలిపి పుష్ చేయగానే జనరేటర్ బిల్డ్ ఎర్రగా మారుతుంది, వాళ్ళొచ్చి "మేం మీ కోడ్ ముట్టుకోలేదే, మీ బిల్డ్ ఎందుకు పోయింది" అంటారు. ఆ మాట కోసమే కదా ఆ టెస్ట్ పెట్టింది. ఆ సంభాషణ జరగాల్సింది ఆ రోజే, ఆర్నెల్ల తర్వాత కస్టమర్ కాల్‌లో కాదు.

గోల్డెన్ ఫైల్స్ గురించి అందరూ చెప్తారు, శాంపిల్ మోడళ్ళు పెట్టుకుని ప్రతిసారీ కోడ్ పుట్టించి పాతదాంతో డిఫ్ (తేడా) చూడటం. అవసరమే, నేనూ పెడతాను. కాకపోతే అవి పాత మోడళ్ళు, కొత్త కాన్సెప్ట్ వాటిలో ఉండదు, కాబట్టి డిఫ్ ఎప్పుడూ క్లీన్‌గా వస్తుంది, మనకి ఉత్తి ధైర్యం వస్తుంది. పై పట్టికలో "పుట్టిస్తాం" అన్న ప్రతిదానికీ కనీసం ఒక శాంపిల్ మోడల్ అయినా దాన్ని వాడుతోందా అని కూడా చూసుకుంటేనే గోల్డెన్ ఫైళ్ళకి అర్థం.

ఇంకా ఈఎంఎఫ్ వాడేవాళ్ళకి ఒక మాట, చేత్తో మార్చిన మెథడ్ మీద జనరేటెడ్ ట్యాగ్ పక్కన నాట్ అని రాస్తాం కదా, మళ్ళీ జనరేట్ చేసినప్పుడు చెరిపేయకుండా. మెటామోడల్ మారినా ఆ మెథడ్ అలాగే పాత లోకంలో ఉండిపోతుంది. రిలీజ్‌కి ముందు ఆ నాట్‌లు అన్నీ ఒకసారి గ్రెప్ కొట్టి చూసుకోవడం మంచిది, అవన్నీ జనరేటర్‌కి కనబడని గదులు.

ఇప్పుడు యూఎంఎల్ మాకెందుకు అనే వెబ్ జనాల దగ్గరికొద్దాం, ఎందుకంటే ఓపెన్‌ఏపీఐ ఫైల్ (ఒక వెబ్ సర్వీస్ ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో చెప్పే వర్ణన) రాసి క్లయింట్ కోడ్ పుట్టించే ప్రతివాళ్ళూ ఈ పడవలోనే ఉన్నారు, పేరు మాత్రం మోడలింగ్ అని పెట్టుకోరు. దాని పాత పేరు స్వాగర్, ఆ స్వాగర్ 2.0 నుంచి 2017లో 3.0కి వెళ్ళినప్పుడు చాలా మారింది, డెఫినిషన్స్ పోయి కాంపొనెంట్స్ వచ్చింది, బాడీ పారామీటర్ పోయి రిక్వెస్ట్‌బాడీ వచ్చింది. అంతా కళ్ళకి కనబడే మార్పు, పాత జనరేటర్‌కి కొత్త ఫైల్ ఇస్తే మొదటి లైన్‌లోనే తేడా తెలుస్తుంది. అసలు మెలిక 2021లో వచ్చిన 3.1 దగ్గర. నంబర్ చూస్తే చిన్న మార్పులా ఉంటుంది, 3.0 తర్వాత 3.1 కదా, ఏముంటుందిలే అనుకుంటాం. కానీ సెమాంటిక్ వెర్షనింగ్ రూల్ (పాతవాటిని పగలగొడితే మొదటి నంబర్ మార్చాలనేది) ఇక పాటించం అని ఆ వెర్షన్‌తోనే వాళ్ళు చెప్పేశారు, అవసరమైతే మైనర్ వెర్షన్‌లో కూడా పాతవాటితో పొసగని మార్పులు రావచ్చు అని స్పెసిఫికేషన్‌లోనే ఉంది. కారణం కూడా సబబైనదే, 3.0 వరకూ వాళ్ళ స్కీమా, జేసన్ డేటా ఎలా ఉండాలో చెప్పే జేసన్ స్కీమాకి దూరపు చుట్టం, కాస్త పోలిక ఉంటుంది, పూర్తిగా కాదు. 3.1లో దాన్ని జేసన్ స్కీమా 2020-12తో పూర్తిగా కలిపేశారు.

దాంతో రెండు సంగతులు జరిగాయి. 3.0లో ఒక ఫీల్డ్ నల్ కావచ్చు అని చెప్పాలంటే నల్లబుల్ ట్రూ అని రాసేవాళ్ళం. 3.1లో ఆ కీవర్డ్ లేదు, టైప్ దగ్గరే స్ట్రింగ్, నల్ అని లిస్ట్ ఇవ్వాలి. మరి ఫైల్ పైన వెర్షన్ 3.1 అని మార్చేసి లోపల నల్లబుల్‌లు అలాగే వదిలేస్తే ఏమవుతుంది? జేసన్ స్కీమాలో తెలియని కీవర్డ్‌ని పట్టించుకోకూడదు, ఎర్రర్ ఇవ్వకూడదు. కాబట్టి ఆ ఫీల్డ్ ఇప్పుడు నల్ కాకూడని ఫీల్డ్. కాట్లిన్ క్లయింట్ పుట్టించి ఉంటే ప్రశ్నార్థకం లేని (నల్ ఒప్పుకోని) స్ట్రింగ్ వస్తుంది, సర్వర్ నల్ పంపిన రోజున యాప్ క్రాష్. రెండోది ఎక్స్‌క్లూజివ్‌మినిమం. 3.0లో అది ట్రూ లేదా ఫాల్స్, పక్కన ఉన్న మినిమం విలువని కలుపుకోవాలా వద్దా అని చెప్తుంది. 3.1లో అదే పేరుతో అది ఒక నంబర్, అదే హద్దు. అమౌంట్ సున్నా కంటే ఎక్కువ ఉండాలి అంటే పాతదాంట్లో మినిమం 0, ఎక్స్‌క్లూజివ్ ట్రూ. కొత్తదాంట్లో ఎక్స్‌క్లూజివ్‌మినిమం 0, అంతే. బూలియన్ ఆశించే కోడ్ ఆ 0ని చూసి చాలా లాంగ్వేజ్‌లలో ఫాల్స్ అనుకుంటుంది! పేరు అదే, టైప్ వేరు, విలువ కూడా అబద్ధం చెప్పగలిగే విలువే. సున్నా రూపాయల పేమెంట్ రిక్వెస్ట్ వాలిడేషన్ దాటి లోపలికి వస్తుంది.

ఓపెన్‌ఏపీఐ జనరేటర్ టెంప్లేట్లు డీఫాల్ట్‌గా ముస్టాష్‌లో ఉంటాయని గుర్తుంచుకోండి, పైన చెప్పాను కదా, లేనిదానికి ఖాళీ. మీరు టెంప్లేట్లని మీ ప్రాజెక్ట్‌లోకి కాపీ చేసుకుని మార్చుకుని ఉంటే, చాలా టీమ్‌లు అదే చేస్తాయి, కొత్త వెర్షన్ జనరేటర్ ఏ పేరుతో డేటా ఇస్తోందో మీ కాపీకి తెలియదు. టూల్ అప్‌గ్రేడ్ అయ్యింది గానీ మీ టెంప్లేట్ అవ్వలేదు. అందుకే టెంప్లేట్లని కస్టమైజ్ చేసేముందు అసలు అది నిజంగా అవసరమా అని నేను గట్టిగా అడుగుతాను, తొంభై శాతం కోరికలు పుట్టిన కోడ్ పైన ఒక చిన్న ర్యాపర్ రాస్తే తీరిపోతాయి (తొంభై అనేది నా నోటి లెక్క, ఎవరూ కొలవలేదు).

ఇక ప్రోటోబఫ్. ఈ మొత్తం సమస్యని అందరికంటే శ్రద్ధగా ఆలోచించింది వీళ్ళే అని నా అభిప్రాయం, అదీ ఒకసారి చెయ్యి కాల్చుకున్నాకే. 2016లో ప్రోటో3 వచ్చినప్పుడు మామూలు ఫీల్డ్‌లకి ప్రెజెన్స్ తీసేశారు, అంటే ఒక నంబర్ ఫీల్డ్ 0 అని పంపారా, అసలు పంపలేదా అని తేడా తెలియదు. సింపుల్‌గా ఉంటుందని చేశారు, జనానికి నచ్చలేదు, డిస్కౌంట్ సున్నా అనడానికీ డిస్కౌంట్ చెప్పలేదు అనడానికీ తేడా లేకపోతే ఎలా, అందరూ ర్యాపర్ మెసేజ్‌లు పెట్టుకుని లాక్కొచ్చారు. చివరికి ఆప్షనల్ అనే మాటని మళ్ళీ తెచ్చారు, 2021లో 3.15తో అది డీఫాల్ట్‌గా అందరికీ వచ్చింది.

కానీ ఈ మధ్యలో ప్రపంచమంతా ప్రోటోక్‌కి (ప్రోటోబఫ్ కంపైలర్‌కి) ప్లగిన్లు రాసుకుని కూర్చుంది. ప్రోటోక్ ఎలా పని చేస్తుందంటే, ఫైల్ పార్స్ చేసి, దాని వర్ణన మొత్తాన్ని ఒక రిక్వెస్ట్‌గా ప్లగిన్ స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి పంపుతుంది, ప్లగిన్ పుట్టిన ఫైళ్ళని రెస్పాన్స్‌గా తిరిగి ఇస్తుంది. పాత ప్లగిన్‌కి ఆప్షనల్ ఉన్న ప్రోటో3 ఫైల్ వెళ్తే అది ఆ మాటని పట్టించుకోకుండా ప్రెజెన్స్ లేని కోడ్ పుట్టిస్తుంది, మనం ఇంతసేపూ తిట్టుకుంటున్న సైలెంట్ తప్పు. వాళ్ళేం చేశారంటే, రెస్పాన్స్‌లో సపోర్టెడ్ ఫీచర్స్ అని ఒక ఫీల్డ్ పెట్టారు, ఒక్కో బిట్ ఒక్కో సామర్థ్యం. ప్రోటో3 ఆప్షనల్ నాకు తెలుసు అని ప్లగిన్ ఆ బిట్ ఎత్తితేనే సరే, లేకపోతే ప్రోటోక్ అక్కడికక్కడే ఆపేసి, ఈ ఫైల్‌లో ఆప్షనల్ ఫీల్డ్‌లు ఉన్నాయి, ఈ జనరేటర్ ఇంకా దానికి అప్‌డేట్ అవ్వలేదు, దీని ఓనర్‌ని అడగండి అంటుంది. ఆ రోజుల్లో ఆ ఎర్రర్ చూసి విసుక్కున్నవాళ్ళు చాలామంది. నాకైతే ముచ్చటేసింది, తప్పు ఎవరి దగ్గర ఉందో, ఎవరిని అడగాలో కూడా చెప్పే ఎర్రర్ మెసేజ్ ఎన్ని చూసుంటాం?

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. రిఫ్లెక్షన్‌తో (రన్ అవుతూనే మెసేజ్ వర్ణన చదివి) నడిచే పాత కోడ్‌కి ప్రెజెన్స్ అర్థమయ్యేది ఒన్‌ఆఫ్‌ల (ఒకసారికి ఒక్కటే ఉండే ఫీల్డ్‌ల గుంపుల) ద్వారా కాబట్టి, ప్రతి ఆప్షనల్ ఫీల్డ్‌నీ ఆ వర్ణనలో, అంటే డిస్క్రిప్టర్‌లో, ఒక్క సభ్యుడే ఉన్న ఒక ఉత్తుత్తి ఒన్‌ఆఫ్‌లో పెట్టారు, సింథటిక్ ఒన్‌ఆఫ్ అంటారు, పేరు ముందు ఒక అండర్‌స్కోర్. పాత రిఫ్లెక్షన్ కోడ్ దాన్ని మామూలు ఒన్‌ఆఫ్ అనుకుని సరిగ్గానే ప్రవర్తిస్తుంది. జనరేటర్ మాత్రం అది ఉత్తుత్తిదని తెలుసుకుని దాటేయాలి, లేకపోతే దానికి కూడా ఎనమ్‌లు, కేస్ మెథడ్‌లు పుట్టించి పెడుతుంది. అంటే పాతవాళ్ళలో ఎవరికి కొత్త సంగతి తెలియకపోయినా పర్లేదో వాళ్ళని నడవనిచ్చారు, ఎవరికి తెలియకపోతే ప్రమాదమో వాళ్ళని ఆపారు. ఈ విభజన చేయడానికి బుర్ర కావాలి.

తర్వాత ఎడిషన్స్ వచ్చాయి, ఎడిషన్ 2023తో మొదలు. ప్రోటో2, ప్రోటో3 అనే రెండు కులాలు తీసేసి, ఒక్కో ప్రవర్తననీ ఒక ఫీచర్‌గా చేశారు, ఫీల్డ్ ప్రెజెన్స్ అనే ఫీచర్‌కి ఎక్స్‌ప్లిసిట్, ఇంప్లిసిట్, లెగసీ రిక్వైర్డ్ అనే విలువలు. ప్లగిన్ ఇప్పుడు తనకి తెలిసిన అతి పాత ఎడిషన్, అతి కొత్త ఎడిషన్ కూడా చెప్పాలి. అంతకంటే ముఖ్యం ఏంటంటే జనరేటర్ లోపల "ఇది ప్రోటో3 ఫైలా" అని అడిగే ఇఫ్‌లు అన్నీ తప్పైపోయాయి, "ఈ ఫీల్డ్‌కి ప్రెజెన్స్ ఉందా" అని అడగాలి. నేను పైన రెండు బాణాల దగ్గర అన్నది ఇదే. వెర్షన్ నంబర్ చూసి అర్థం ఊహించే జనరేటర్ ప్రతి కొత్త వెర్షన్‌కీ పగులుతుంది, తనకి కావాల్సిన ప్రశ్నని నేరుగా అడిగే జనరేటర్‌కి ఆ జవాబు ఏ వెర్షన్ నుంచి వచ్చినా ఒకటే.

వెర్షన్ అసలు ఎక్కడ రాసి ఉంటుంది అనేది కూడా చిన్న విషయం కాదు. ఎక్లిప్స్ యూఎంఎల్2లో, ఫైల్ ఏ లాంగ్వేజ్‌దో చెప్పే నేమ్‌స్పేస్ అడ్రస్‌లోనే 5.0.0 అని ఉంటుంది, ఆ వెర్షన్ తెలియని టూల్‌లో తెరిస్తే లోడ్ అవ్వదు. కార్ల సాఫ్ట్‌వేర్ స్టాండర్డ్ అయిన ఆటోసార్‌లో పని చేసే మన హైదరాబాద్, బెంగళూరు వాళ్ళకి వేరే అనుభవం, దాని ఏఆర్ఎక్స్ఎంఎల్ ఫైల్ పైన నేమ్‌స్పేస్‌లో ఆర్4.0 అని ఉంటుంది, 2019 నవంబర్ రిలీజ్ అయినా దాని తర్వాతదైనా అక్కడ అదే ఆర్4.0. నిజమైన వెర్షన్ పక్కన స్కీమా ఫైల్ పేరులో ఉన్న అంకెలో ఉంటుంది. జనరేటర్ నేమ్‌స్పేస్ ఒక్కటే చూసి సరే అనుకుంటే ఏ రిలీజ్ ఫైల్ అయినా లోపలికి వచ్చేస్తుంది. నేనైతే స్కీమా నంబర్ చదివి, మనం టెస్ట్ చేసిన లిస్ట్‌లో లేకపోతే ఆపేయడమే పెడతాను, తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇప్పుడందరూ అడిగేది, టెంప్లేట్లు మార్చడం ఏఐకి ఇచ్చేయొచ్చు కదా అని. ఇస్తున్నాను కూడా. పేర్లు మారినవి, ఒకటి రెండుగా విడిపోయినవి, డెఫినిషన్స్ నుంచి కాంపొనెంట్స్ లాంటివి బాగా చేస్తుంది, చేత్తో చేస్తే విసుగొచ్చే పని అది. కానీ టెంప్లేట్‌లో ఒక్క అక్షరం కూడా మారనవసరం లేదని అనిపించే చోట, అంటే బొమ్మ అదే ఉండి అర్థం మారిన చోట, దానికి డిఫ్ ఏదీ కనబడదు. పాత స్పెసిఫికేషన్, కొత్త స్పెసిఫికేషన్ రెండూ పక్కపక్కన పెట్టి "ఒకే సింటాక్స్‌కి ప్రవర్తన ఎక్కడెక్కడ మారింది" అని విడిగా అడిగితే కొంత ఉపయోగం ఉంది, ఆ లిస్ట్‌ని మాత్రం మనిషే చదవాలి.

మా రంగంలో వచ్చే రెండు మూడేళ్ళు దీని గురించే మాట్లాడుకుంటారు, ఎందుకంటే పెద్ద సిస్టమ్‌లు డిజైన్ చేసేవాళ్ళ మోడలింగ్ లాంగ్వేజ్ సిస్‌ఎంఎల్ వీ2 2025లో ఓఎంజీ (యూఎంఎల్‌ని కూడా చూసుకునే స్టాండర్డ్స్ సంస్థ) దగ్గర ఫైనల్ అయ్యింది. 2007 నాటి వీ1 యూఎంఎల్‌కి ఒక ప్రొఫైల్, అంటే బ్లాక్ అనేది యూఎంఎల్ క్లాస్ మీద అతికించిన స్టీరియోటైప్ (ప్రత్యేక అర్థం ఇచ్చే లేబుల్). వీ2 యూఎంఎల్‌ని వదిలేసి కెర్‌ఎంఎల్ అనే కొత్త పునాది మీద కట్టింది, బొమ్మలతో పాటు టెక్స్ట్ సింటాక్స్ కూడా ఉంది, బ్లాక్ స్థానంలో పార్ట్ డెఫ్. స్టీరియోటైప్ పేరు వెతుక్కుని కోడ్ పుట్టించే జనరేటర్‌కి అక్కడ ఏమీ దొరకదు, ఒక్క ఫైల్ కూడా పుట్టదు, ఎవరికైనా వెంటనే తెలుస్తుంది, కాబట్టి ఆ పార్ట్ గురించి నాకు బెంగ లేదు. వీ1 మోడళ్ళని వీ2కి ఎలా మార్చాలో కూడా స్పెసిఫికేషన్‌లో ఒక భాగంగా ఇచ్చారు. ఆ మార్చిన మోడళ్ళు పాత జనరేటర్ టీమ్‌ల దగ్గరికి వచ్చి, వాళ్ళు మధ్యలో ఒక అడాప్టర్ పెట్టి పాత టెంప్లేట్లనే నడిపించే రోజున, యాక్షన్ల మధ్య వరస గురించి రెండు వెర్షన్లూ ఏమంటున్నాయో ఎవరైనా లైన్ లైన్‌గా చదివారా అని అడగాలి. నేను ఆ ట్రాన్స్‌ఫర్మేషన్ భాగంలో యాక్టివిటీల చాప్టర్ నుంచే చదవడం మొదలుపెట్టాను, మీలో ఎవరైనా చదువుతుంటే కామెంట్ పెట్టండి, ఆ రెండు బాణాల కేసుని కలిసి నడిపి చూద్దాం.